మునిసిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ: ఇడ్లీ బండి తిరిగి ఇప్పించండి

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారం. రాజమండ్రి నుంచి ఈ నగరానికి వచ్చి ఏడాదిన్నర. ఈ అద్దాల మేడల మధ్య నన్ను మొదట పలకరించిన మనిషి, మా వీధి మలుపులో ఇడ్లీ బండి పెట్టుకున్న అక్క. పాలమూరు నుంచి వలస వచ్చిన కుటుంబం. పల్లీ చట్నీ అయిపోతే "రేపు నీకు ముందే తీసి పెడతా తమ్ముడూ" అనేది.

గత నెల ఒక ఉదయం మీ సిబ్బంది ఆ బండిని లారీ ఎక్కించారు. ఇడ్లీ పాత్రలో ఇంకా ఆవిరి వస్తూనే ఉంది. పిండి బకెట్టు కాలువలోకి ఒరిగిపోయింది. నోటీసు లేదు, రసీదు లేదు. రెండు అర్జీలు ఇచ్చాం. జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ప్రకారం, విక్రయదారుల సర్వే పూర్తయి, అమ్ముకునే ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఉండాలి. స్వాధీనం చేసుకున్న సామానుకు జాబితా ఇవ్వాలి. ఫుట్‌పాత్ నడిచేవాళ్లదే, కాదనను. కాకపోతే ఆ జాగాలో ఇప్పుడు కార్లు ఆగుతున్నాయి.

ఆమె రోజువారీ వడ్డీకి డబ్బు తెచ్చుకుంది. బండి పోయినా కిస్తీ ఆగలేదు. పిల్లల ట్యూషన్ ఆగింది.

బండిని, సామానును ఈ వారంలోగా జరిమానా లేకుండా తిరిగి ఇప్పించండి. మా వార్డులో సర్వే ఎప్పుడు జరిగిందో, పట్టణ విక్రయ కమిటీ అమ్మకాలకు ఏ స్థలాలు సిఫార్సు చేసిందో రాసి వార్డు కార్యాలయం గోడకు అంటించండి.

భవదీయుడు,
ఆ వీధి నివాసి