చంటిపిల్ల సీసా పట్టకపోతే తల్లిని ఆడిపోసుకోకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి, పేపర్లలో ర్యాలీల ఫొటోలు, డాక్టర్ల మాటలు వస్తాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టొద్దని చెప్తారు, మంచి మాటే. మరి మూడు నెలలకే తల్లి డ్యూటీకి వెళ్ళాల్సి వచ్చి, ఇంట్లో పిల్లేమో సీసా దగ్గరికే రానివ్వకపోతే పగలంతా దాని కడుపు ఎలా నింపాలి? ఈ సంగతి మాత్రం ఎవరూ రాయరు. మా ఇంట్లో జరిగింది కాబట్టి నేను రాస్తున్నాను.

మేముండేది గుంటూరు బ్రాడీపేటలో. మా అమ్మాయి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తుంది. కాన్పయ్యాక సెలవు మూడు నెలలే అన్నారు, ఆ పైన కావాలంటే మానేసి కూర్చోమన్నారు, ఆఫీసు పేరెందుకులెండి. పొద్దున్నే పిల్లకు పాలిచ్చి బస్సెక్కితే మంగళగిరి మీదుగా వెళ్ళి మళ్ళీ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది, వారధి మీద ట్రాఫిక్ ఆగిందంటే ఇక చెప్పనక్కర్లేదు. ఆ మధ్యలో పిల్ల నా దగ్గర. పాలు లేక కాదు, అమ్మాయి పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళేది. కానీ సీసా పీక పెదవికి తగిలితే చాలు, నాలుకతో బయటికి నెట్టేసి, వీపు విల్లులా వంచి, మొహం కందిపోయేదాకా గుక్కపట్టి ఏడ్చేది.

ఇక సలహాలు. ఆ పీక మార్చమని ఒకరు, ఫలానా కంపెనీ సీసా అయితే తల్లి రొమ్ములాగే ఉంటుందని ఇంకొకరు, మందుల షాపాయన ఇంకోటి, చివరికి అలమరా నిండా సీసాలే. అవన్నీ భరించొచ్చు కానీ రెండు మాటలు మాత్రం నాకు ఇప్పటికీ మండుతాయి. ఒకటి, "మొదట్నుంచీ సీసా అలవాటు చేయకుండా తల్లే చెడగొట్టింది" అనడం. పాలు పిండుకుంటూ, పసిపిల్లను వదిలి వెళ్ళలేక బస్సులో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళే పిల్లను పట్టుకుని ఆ మాట ఎలా వస్తుందండీ నోటికి? రెండోది ఇంకా ప్రమాదం, "ఆకలేస్తే అదే తాగుతుంది, పూటంతా ఎండగట్టండి" అనడం. నాలుగు నెలల పసిగుడ్డు అది. దానికి మొండితనం ఏం తెలుసు? పుట్టిన గంట నుంచి పాలంటే అమ్మ ఒళ్ళు, అమ్మ వాసన, అమ్మ వెచ్చదనం అనుకున్న పిల్ల నోట్లో రబ్బరు పెడితే వద్దంటుంది. ఆకలి ముదిరి ఏడుపు మొదలయ్యాక అయితే రొమ్ము కూడా సరిగ్గా పట్టదు, ఇక సీసా ఎక్కడ పడుతుంది! నోరు అదిమి పెట్టి పోస్తే పొలమారుతుంది, ఆ తర్వాత సీసాను చూస్తేనే భయపడుతుంది.

పిల్లల డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ముందు నోరు తెరిచి చూశారు, నాలుక మీద తెల్లపూత ఉందా, నాలుక కింది పొర బిగిసి ఉందా, చెవి నొప్పేమైనా ఉందా అని. అలాంటివేవైనా ఉంటే కూడా పిల్లలు పాలు వద్దంటారట. అవేవీ లేవని తేలాక, "ఈ పిల్ల సీసా తాగి తీరాలని ఎవరన్నారమ్మా, ఉగ్గుగిన్నెతో పట్టండి" అన్నారు.

మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్న, ముక్కున్న చిన్న గిన్నే. బారసాలకు వెండిది పెట్టి బీరువాలో దాచుకుంటాం, అంతే. నెలలు నిండకుండా పుట్టి రొమ్ము పీల్చలేని పిల్లలకు ఆస్పత్రుల్లో నర్సులు ఇప్పటికీ ఇలా గిన్నెతోనే పాలు పడతారు. అయితే మా అమ్మమ్మల కాలంలో కాళ్ళు చాపుకుని, వాటి మీద పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, గొంతులోకి పోసేవాళ్ళు చూడండి, అలా మాత్రం అస్సలు చేయకూడదని, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆయన గట్టిగా చెప్పారు. నర్సమ్మ చేసి చూపించింది. పిల్లను ఒళ్ళో దాదాపు కూర్చున్నట్టు నిటారుగా పట్టుకుని, మెడ వెనక చెయ్యి ఆనించి, గిన్నె ముక్కును కింది పెదవి మీద ఆనించాలి. పాలు పెదవికి తగిలేంత వరకే వంచాలి, పోయకూడదు. తనే నాలుక చాపి లాక్కుంటుంది. ఒక గుక్క మింగి, ఆగి, మళ్ళీ నోరు తెరిచేదాకా మనం ఆగాలి. మొదట్లో సగం పాలు మెడకు కట్టిన గుడ్డకే పోతాయి, కంగారు పడొద్దు. మా పాప మొదటిసారి ఆ గిన్నె అంచును చప్పరించి, కళ్ళు పెద్దవి చేసి నా మొహంలోకి చూసి, మళ్ళీ నాలుక చాపింది చూడండి, ఆ సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసి చెప్తుంటే ఇద్దరం ఏడ్చేశాం. వెండిదే అక్కర్లేదు, అంచు నున్నగా ఉన్న చిన్న స్టీలు గిన్నె అయినా చాలు. కడగడం కూడా తేలిక. సీసా మూలల్లో, పీక సందుల్లో పాలు నిలిచి క్రిములు చేరితే పిల్లకు విరేచనాలే. అందుకే కదా పాలసీసాలకు, డబ్బాపాలకు ప్రకటనలు వేయకూడదని 1992లోనే కేంద్రం చట్టం చేసింది. సీసాతో పెంచుతున్న తల్లుల్ని నేనేమీ అనడం లేదు, ఎవరి ఇబ్బంది వాళ్ళది, బాగా మరిగించి శుభ్రంగా వాడితే సరే. సీసా పట్టని పిల్లకు వేరే దారి ఉందని మాత్రమే చెప్తున్నాను.

ఇంకొన్ని తెలిసినవి చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. తల్లి ఇంట్లో ఉండగా వేరేది పట్టబోతే చాలామంది పిల్లలు ఒప్పుకోరు, ఆమె పక్క గదిలోకి కాదు, వీధి చివరికి వెళ్ళడమే మేలు. పట్టేది అమ్మమ్మో, నాన్నమ్మో, తండ్రో అయితే నయం. మా అమ్మాయి కట్టి విడిచిన చీర నా ఒళ్ళో వేసుకుని కూర్చునేదాన్ని. ఏడుపు మొదలయ్యాక కాదు, నిద్ర లేచి పిడికిలి నోట్లో పెట్టుకోగానే పట్టాలి. పాలు స్టవ్ మీద కాచకూడదు, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో ఉంచి ఒంటి వేడికి తేవాలి. ఫ్రిజ్‌లో లోపలి అరలో, తలుపులో కాదు, నాలుగు రోజుల దాకా ఉంటాయి. బయట అయితే చల్లటి గదిలో నాలుగు గంటలని చెప్తారు కానీ ఆ లెక్క 25 డిగ్రీల గదికి, మే నెలలో మన గుంటూరు, బెజవాడల్లో 40 దాటే ఎండకు, ఆ పైన కరెంటు కోతకు అది పనికిరాదు, పిండిన వెంటనే ఐసు డబ్బాలో పెట్టాల్సిందే. ఒక్కోసారి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు సబ్బు వాసన వేస్తాయి. చెడిపోయాయని పారబోయకండి, పాలల్లో ఉండే లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొట్టడం వల్ల అలా అవుతుంది, తాగినా ఏం కాదు. కానీ కొందరు పిల్లలకు ఆ రుచి నచ్చదు, వాళ్ళు అప్పుడే పిండినవైతే తాగుతారు. సీసా మీద కోపం అనుకున్నది పాల రుచి మీద కావచ్చు, అదొకసారి చూసుకోండి.

పగలు కాస్తే తాగి, అమ్మ ఇంటికి రాగానే రాత్రంతా వదలకుండా తాగే పిల్లలున్నారు. మా పాపా అంతే. తల్లికి నిద్ర ఉండదు, నిజమే, కానీ పిల్లకు లోటు లేదు. రోజుకు ఆరు సార్లో అంతకన్నా ఎక్కువో ఒంటికి పోస్తూ, బరువు పెరుగుతుంటే టెన్షన్ పడక్కర్లేదన్నారు డాక్టర్ గారు. ఒంటికి పోయడం తగ్గినా, నోరు ఎండినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా మాత్రం గిన్నె పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇంతకీ ఈ తిప్పలకు మూలం ఎక్కడుంది? 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు అన్నారు. పిల్లకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజూ రెండు విరామాలు ఇవ్వాలి. 50 మంది, ఆ పైన పనిచేసే చోట పిల్లల్ని చూసే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్ళి చూసుకోవచ్చు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. 26 వారాలంటే ఆరు నెలలు, సరిగ్గా పిల్లకు తల్లిపాలు మాత్రమే పట్టమన్న గడువు. ఆ సెలవు నిజంగా ఇచ్చి ఉంటే మా ఇంట్లో సీసా గొడవే వచ్చేది కాదు. అడిగితే ఉద్యోగం పోతుందని మా అమ్మాయి అడగలేదు. ఆఫీసులో పాలు పిండుకోవడానికి చోటు లేక, స్టేషనరీ అట్టపెట్టెల గదిలో తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు మీటింగ్ మధ్యలో లేవలేక రొమ్ములు గడ్డకట్టి, జ్వరంతో ఇంటికొచ్చింది.

మా అమ్మాయికి కనీసం మూడు నెలలైనా ఇచ్చారు. మా ఊళ్ళో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళకు అది కూడా లేదు. పని మానితే ఆ రోజు కూలి లేదు. సబ్బుతో ఎంత కడిగినా ఘాటు పోని చేతులతో ఇంటికెళ్ళి పసిపిల్లను ఎత్తుకోవాలంటే, పాలివ్వాలంటే వాళ్ళెంత బాధపడతారో. మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు వచ్చే 5,000 రూపాయలతో ఎన్నాళ్ళని ఇంట్లో కూర్చుంటారు? కార్మిక శాఖ వాళ్ళు ఆఫీసులతో పాటు మిర్చి గోడౌన్లకు, కోల్డ్ స్టోరేజీలకు కూడా వెళ్ళి చూడాలి. బీసెంట్ రోడ్డులో, అరండల్‌పేటలో ఆడపిల్లల్ని పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబెట్టే షాపుల యజమానులను కూడా అడుగుతున్నాను, లోపల గడియ ఉన్న ఒక చిన్న గది, ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింటు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, ఇంతే కావాల్సింది.

మీకొక విన్నపం. పిల్లల డాక్టర్ ఎవరితోనైనా మాట్లాడి, గిన్నెతో పాలు పట్టే పద్ధతి బొమ్మలతో సహా మీ పేపర్‌లో వేయండి. తల్లులు డ్యూటీకి వెళ్తే పగలంతా చంటిపిల్లల్ని చూసుకునేది మా వయసు ఆడవాళ్ళమే, మాకు ఫోన్లలో వెతుక్కోవడం రాదు, పేపర్ అయితే రోజూ చదువుతాం. వెల్లకిలా పడుకోబెట్టి పోయకూడదన్న మాట మాత్రం పెద్ద అక్షరాలతో వేయండి.

ఇట్లు
ఒక అమ్మమ్మ
బ్రాడీపేట, గుంటూరు