మినిట్స్‌లో లేని రెండున్నర గంటలు

సంపాదకులకు,

నష్టం తెచ్చిన డైరెక్టర్ల చేత ఆ మొత్తం సొంత జేబులోంచే కట్టించాలని ఒక పాఠకుడు రాసిన లేఖ మీ పత్రికలో చదివాను. వాటాల్లో డబ్బు పోగొట్టుకున్న మనిషికి అంత కోపం రావడం సహజమే. కానీ నేను 26 ఏళ్లు కంపెనీ సెక్రటరీగా బోర్డు మీటింగుల్లో ఓ మూల కూర్చుని మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని రికార్డు, రాసినదాన్ని. ఆయన అడిగినట్టే చట్టం వస్తే ఆ గదిలో ఏం జరుగుతుందో నేను చెప్పగలను. ఏ ఫైలూ కదలదు. ప్రతిదానికీ ఇంకో కన్సల్టెంట్ రిపోర్టు, ఇంకో లాయర్ అభిప్రాయం, ఇంకో సబ్‌కమిటీ అంటారు. కొత్త యంత్రం కొందామన్నవాడు ఇరుక్కుంటాడు. పాత యంత్రంతోనే కంపెనీని మెల్లగా మూతపడనిచ్చినవాడు ఎక్కడా సంతకం పెట్టలేదు కాబట్టి హాయిగా రిటైరవుతాడు.

అమెరికా కోర్టులు ఇందుకే బిజినెస్ జడ్జ్‌మెంట్ రూల్ అనే పద్ధతి పెట్టుకున్నాయి. డైరెక్టరుకు తీసుకునే నిర్ణయంలో సొంత లాభం ఉండకూడదు. తెలుసుకోవాల్సినవి తెలుసుకుని, కంపెనీ మేలు కోసమే అని నమ్మి నిర్ణయం తీసుకోవాలి. అలా తీసుకున్నది బెడిసికొట్టినా, నేనైతే ఇలా చేసేవాణ్ణి అని జడ్జి అనడు. షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు మైదానంలో లైట్లు పెట్టి రాత్రి ఆటలు ఆడించడం లేదని, ఆదాయం పోతోందని ఒక వాటాదారు దావా వేశాడు. మోసమో స్వలాభమో ఉంటే చెప్పు, లైట్ల సంగతి మేం తేల్చేది కాదని 1968లో కోర్టు అనేసింది. ఆ మైదానంలో లైట్లు వెలగడానికి 1988 దాకా పట్టింది!

అయితే ఇది గుడ్డిగా ఇచ్చే మాఫీ కాదు. ట్రాన్స్ యూనియన్ అనే కంపెనీ బోర్డు 1980 సెప్టెంబరులో ఒక శనివారం కూర్చుని, షేరుకు 55 డాలర్ల లెక్కన కంపెనీని అమ్మేయడానికి ఒప్పుకుంది. ఛైర్మన్ వాన్ గోర్కమ్ నోటిమాటగా 20 నిమిషాలు చెప్పాడు. మీటింగ్ మొత్తం రెండు గంటలు. 55 అనే అంకె ఎలా వచ్చిందో గట్టిగా అడిగినవాళ్లు లేరు, ఒప్పందం చదివినవాళ్లూ లేరు. నిజానికి ఆ ధర మార్కెట్ రేటు కన్నా బాగా ఎక్కువ. అయినా 1985లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర సుప్రీంకోర్టు డైరెక్టర్లదే తప్పంది. లంచం తిన్నారని ఎవరూ అనలేదు. తెలుసుకోకుండా తలూపారు, అంతే. డైరెక్టర్లు ఎంత బెదిరిపోయారంటే, మరుసటి ఏడాదే అక్కడి చట్టం మార్చారు. అజాగ్రత్తకు డైరెక్టర్ల నుంచి నష్టపరిహారం రాబట్టకుండా కంపెనీ తన నిబంధనల్లోనే రాసుకోవచ్చన్నారు. సొంత లాభం చూసుకున్నవాళ్లకు, దురుద్దేశంతో చేసినవాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక కంపెనీలో సీసా మూతల యూనిట్ పెట్టాలని బోర్డు నిర్ణయించింది. ఆ రోజు రెండున్నర గంటలు వాదించుకున్నారు. ఒక్క కొనుగోలుదారుణ్ణే నమ్ముకుని ఇంత పెడతామా అని ఒక డైరెక్టరు బల్ల గుద్దారు. ఫైనాన్స్ హెడ్ మూడు రకాల లెక్కలు వేసుకొచ్చారు, మూడోది ఆర్డరు పోతే ఏమవుతుందన్న లెక్క. వాదనలన్నీ రాసుకుంటూ పోతుంటే ఛైర్మన్‌గారు, "అవన్నీ ఎందుకమ్మా, నిర్ణయం రాయండి చాలు" అన్నారు. నేను రాసింది ఒకే వాక్యం: "చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

కొనుగోలుదారు చేతులెత్తేశాడు. మూడేళ్లకు యూనిట్ మూతపడింది. నోటీసు వచ్చింది. లాయర్ మొదట అడిగింది మినిట్స్ పుస్తకం. ఆ వాక్యం చదివి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. నిజంగా ఆలోచించి, పోట్లాడుకుని నిర్ణయించిన మనుషులు నా ఒక్క వాక్యం వల్ల రబ్బరు స్టాంపుల్లా కనిపించారు. చివరికి ఫైనాన్స్ హెడ్ పాత ఫైల్లో తేదీ వేసి ఉన్న ఆ లెక్కల కాగితాలు దొరికి బయటపడ్డారు. అప్పటికి రెండేళ్ల టెన్షన్ పడ్డారనుకోండి.

అప్పట్నుంచి బల్ల మీద ఏ కాగితం పెట్టారు, ఎన్ని రోజుల ముందు పంపారు, ఎవరు ఏమడిగారు, ఎవరు ఒప్పుకోలేదు, అన్నీ రాయడం మొదలుపెట్టాను. "రేపు ఇదే మన మెడకు చుట్టుకుంటుంది" అని గొణిగినవాళ్లున్నారు. వాళ్ల భయంలోనూ నిజం లేకపోలేదు. అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే అది కూడా మినిట్స్‌లో కనబడుతుంది మరి.

అలాగని కాగితాన్నీ పూర్తిగా నమ్మలేం. మరో కంపెనీలో ఎండీగారి బావమరిది స్థలం లీజుకు తీసుకోవడానికి 12 పేజీల మినిట్స్ చక్కగా తయారయ్యాయి. అయితే అవి టైపయింది మీటింగ్‌కు ముందు రోజు. టైపు చేసింది నేనే. అలాంటి చోట చట్టం రక్షణ ఇవ్వకూడదు. చుట్టరికం ఉన్న డైరెక్టరు ఆ సంగతి ముందే చెప్పి, చర్చ నుంచి లేచి వెళ్లిపోవాలి.

నిరూపించాల్సింది ఎవరన్న దాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది. డెలావేర్‌లో డైరెక్టరు మంచి ఉద్దేశంతోనే చేశాడని మొదట అనుకుంటారు, కాదని చూపించాల్సింది దావా వేసినవాళ్లు. జర్మనీ 2005లో ఈ రక్షణను చట్టంలోనే రాసింది, కానీ జాగ్రత్తగా నడుచుకున్నానని చూపించుకునే భారం మేనేజరు మీదే ఉంచింది. నాకు జర్మన్ల పద్ధతే నచ్చుతుంది. ఏం చూసి నిర్ణయించారో చెప్పే కాగితాలు బయటి వాటాదారు దగ్గర ఎక్కడుంటాయి? ఉద్యోగం ఊడిన మేనేజరుకు ఆ కాగితాలు ఎవరిస్తారన్నది మాత్రం తలనొప్పే. ఆ కేసుకు సంబంధించినవి చూసే హక్కు అతనికీ ఉండాలి.

లేఖ రాసిన పాఠకుడికి ఒక మనవి. వచ్చే వార్షిక సమావేశంలో ఎంత పోయిందని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు, ఆ నిర్ణయం తీసుకున్న రోజు డైరెక్టర్లకు ఏ కాగితాలు ఇచ్చారో, ఎన్ని రోజుల ముందు ఇచ్చారో కూడా అడగండి. జవాబు చెప్పేముందు వేదిక మీదివాళ్లు పక్కన కూర్చున్న సెక్రటరీ వైపు తిరుగుతారు. ఆమె ముఖం కూడా ఒకసారి చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కంపెనీ సెక్రటరీ