ఆ నల్ల చెక్క పిల్లల బెంచీకి పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత రైల్వే స్లీపర్లతో, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క దుంగలతో, డైనింగ్ టేబుళ్లు, గేట్లు, పార్కు బెంచీలు చేయించుకోవడం గురించి రంగుల ఫొటోలు వేసి రాశారు. చూడ్డానికి బాగున్నాయి, కాదనను. ఆ చెక్కకు ఏం పట్టించి ఉంటుందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు, అందుకే ఈ ఉత్తరం.

మా నాన్న కాజీపేట దగ్గర కీమ్యాన్‌గా, అంటే రోజూ లైను వెంట నడిచి పట్టాల బిగింపులు చూసుకునే పనిలో, చేశారు, మేం పెరిగింది రైల్వే క్వార్టర్లలో. పట్టాల కింద నుంచి తీసేసిన చెక్కల్ని ముక్కలు కొట్టి స్నానాల నీళ్ల కాగు కింద పెట్టడం మా వాడలో మామూలే, ఒకసారి అంటుకుందంటే వానాకాలంలో కూడా ఆరేది కాదు కాబట్టి అమ్మకు ఆ కట్టెలంటే ఇష్టం. పొగ మాత్రం నల్లగా, డాంబరు కాగబెడుతున్నట్టు వచ్చేది, తీగ మీద ఆరేసిన బడి చొక్కాలకు కూడా అదే వాసన. ఎందుకంత బాగా మండుతుందో మాలో ఎవరం ఆలోచించలేదు.

మండదా మరి, అందులో ఉన్నది నూనె. నేలబొగ్గును కోక్ చేసేటప్పుడు వచ్చే తారును కాచి తీసే క్రియోసోట్ అనే నూనె. టేకు, గుగ్గిలం చెట్టు చెక్కకు దాని అవసరం పెద్దగా ఉండదు, అవి వాటంతట అవే తట్టుకుంటాయి. హిమాలయాల వైపు నుంచి వచ్చే చీడ్ లాంటి మెత్తటి చెక్కైతే కంకరలో వానకి, ఎండకి నాలుగేళ్లు కూడా నిలవదు, చెద పట్టేస్తుంది. అందుకని దుంగల్ని పెద్ద ఇనుప సిలిండర్లలో పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడి మీద ఆ నూనెను లోపలిదాకా ఎక్కించేవారు. పంజాబ్‌లోని ధిల్వాన్‌లో, కేరళలోని ఒలవక్కోడ్‌లో ఇందుకోసమే ప్లాంట్లు ఉండేవి. ఇంత చేసినా చెక్క స్లీపరు పన్నెండు, పదిహేనేళ్లకు మించి నిలిచేది కాదు.

చెక్క చాలక పోత ఇనుముతో చేసిన సీఎస్‌టీ-9 వచ్చింది, పట్టాల కింద రెండు తట్టలు బోర్లించి మధ్యలో కడ్డీ బిగించినట్టు ఉండేది. దాంతో ఇంకో తలనొప్పి, పాత ఇనుముకు ధర ఉంది కదా, రాత్రిపూట దొంగలు. తర్వాత 1960ల చివరి నుంచి మన దగ్గర సిమెంటు దిమ్మలు మొదలయ్యాయి, లోపల సాగదీసి బిగించిన ఉక్కు తీగలుండేవి. దాన్ని ఎత్తుకుపోయి ఎవడూ ఏం చేసుకోలేడు. చెక్క స్లీపరు ఎనభై కిలోల లోపే, ఇద్దరు ముగ్గురు కలిసి భుజానికెత్తేవారు, బ్రాడ్‌గేజ్ సిమెంటు దిమ్మ 270, 280 కిలోల దాకా తూగుతుంది, కిలోమీటరుకు 1660 పెడితే ఎంత బరువో లెక్కేసుకోండి. ఆ బరువే దాని గుణం. అతుకుల్లేకుండా వెల్డింగ్ చేసిన పొడుగు పట్టాలు ఎండకు సాగి పక్కకు వంకర పోకుండా పట్టి ఉంచాలంటే కింద అంత బరువు కావాల్సిందే. "మా నడుములు విరిచింది గానీ లైను మాత్రం కదలదు" అనేవారు నాన్న, తిట్టో మెప్పో నాకిప్పటికీ తెలీదు.

అయినా చెక్క అన్ని చోట్ల నుంచీ ఒకేసారి పోలేదు. గర్డర్ల (ఇనుప దూలాల) వంతెనల మీద కింద కంకర ఉండదు, ఆ గర్డర్ల మీద అంత బరువైన దిమ్మ మోపి, రైలు అదురు నేరుగా ఇనుముకు తగలనిస్తే కష్టం, పైగా రివెట్ల బుడిపెలకు సరిపోయేలా దిమ్మను చెక్కడం కుదరదు. చెక్కనైతే బాడిస పట్టుకుని ఎక్కడికక్కడ గాడి తీసి కూర్చోబెట్టొచ్చు. అందుకే వంతెనల మీద చెక్క ఎక్కువ కాలం ఉండిపోయింది. ఇప్పుడు వాటి చోట ఉక్కు చానళ్లు, రకరకాల పదార్థాలు కలిపి చేసే కాంపోజిట్ స్లీపర్లు వస్తున్నాయి. మంచిదే. తీసేసిన చెక్క ఎటు పోతుందన్నదే నా బాధ.

అది వేలానికి పోతుంది, అక్కడి నుంచి కట్టెల అడితీకి, అక్కడి నుంచి ఎవరి వర్క్‌షాపుకో, చివరికి మీ ఫొటోలోకి. మా కాలనీ పార్కులో ఇలాంటి బెంచీలే వేయించారు, ఎవరు వేయించారో ఇక్కడ అనవసరం. మే నెలలో మా మనవరాలు దాని మీద కూర్చుని లేచేసరికి తొడలకు, గౌనుకు నల్లగా జిగురు అంటింది, సబ్బుకు పోలేదు, కొబ్బరినూనె రాసి తుడిస్తే గానీ వదల్లేదు. ఎన్నేళ్ల పాత చెక్కైనా గట్టి ఎండ తగిలితే ఆ నూనె పైకి ఊరుతుంది. దాన్ని చిత్రిక పట్టిన వడ్రంగిని అడిగితే ముంజేతులు చూపించాడు, పొట్టు పడ్డ చోట ఎండలోకి వెళ్తే కారం రాసినట్టు మండుతుందట. క్రియోసోట్ ఒంటికి తగిలాక ఎండ తగిలితే చర్మం కమలడం తెలిసిన విషయమే, అతనికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇది నా భయం ఒక్కటే కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్రియోసోట్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటి జాబితాలో, 2ఎ వర్గంలో, పెట్టింది. యూరప్‌లో ఈ నూనె పట్టించిన పాత స్లీపర్లను ఇళ్ల లోపల, ఆటస్థలాల్లో, పార్కుల్లో, తోట బల్లలకు వాడకూడదని రూలుంది. ఇలాంటి చెక్కను ఇళ్లలో కాల్చొద్దని అమెరికాలోనూ చెబుతారు. మన దగ్గర దాన్నే "వింటేజ్ లుక్" అని రెట్టింపు ధరకు అమ్ముతున్నారు, హోటళ్ల వాళ్లైతే దాని మీద వార్నిష్ కొట్టి ప్లేట్లు పెడుతున్నారు.

పాత రైల్వే చెక్కంతా విషం అని నేననడం లేదు. నూనె పట్టించని టేకు స్లీపరైతే బంగారంలాంటి చెక్క, నిక్షేపంగా తలుపు చేయించుకోండి. రెండింటికీ తేడా తెలియాలి కదా. అంచు కొద్దిగా కోసి చూడండి, లోపలికి నల్లగా దిగి ఉండి ఫినాయిల్, డాంబరు కలిసిన వాసన వస్తే ఇంట్లోకి తేవద్దు. వాసన రాలేదు కదా అని పూర్తిగా నమ్మడానికీ లేదు, అందుకే ఈ పని కొనేవాడి ముక్కుకు వదిలేయకూడదు. వేలం జాబితాలోనే ఫలానా లాటు నూనె పట్టించినది, ఫలానాది కాదు అని రైల్వే వాళ్లు ఒక వరుస రాస్తే సరిపోతుంది. నూనె పట్టించిన దాన్ని అడితీలకు కాకుండా, ఎక్కువ వేడి మీద తగలబెట్టే ఏర్పాటున్న సిమెంటు ఫ్యాక్టరీల్లాంటి వాటికి పంపొచ్చేమో చూడాలి. మున్సిపాలిటీలు పార్కుల టెండర్లలో ఈ చెక్క వద్దని రాయాలి, కట్టెల పొయ్యి మీద బిర్యానీ అని బోర్డు పెట్టుకునే హోటళ్లలో ఏ కట్టె కాలుతోందో ఆహార తనిఖీ వాళ్లు ఒకసారి పొయ్యి దగ్గరికి కూడా వెళ్లి చూడాలి.

మీరు వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో, ఈ సంగతి కూడా వేస్తే బాగుంటుంది. మా పార్కు బెంచీ గురించి అర్జీ పెట్టి మూడు వారాలైంది, ప్రస్తుతానికి దాని మీద పాత ఫ్లెక్సీ ఒకటి కప్పి తాడుతో కట్టాం.

ఇట్లు,
ఒక కీమ్యాన్ కొడుకు,
కాజీపేట