ఒకే గడిలో అన్నాచెల్లెళ్లు

సంపాదకుల వారికి,
నమస్కారం.

అమెరికాలో వలస వచ్చినవారి టీనేజీ పిల్లలకూ, అక్కడివాళ్ల పిల్లలకూ ఉన్న తేడాలపై మీరు వేసిన వ్యాసం, అందులోని పట్టిక చదివాను. వలస ఇళ్లలో క్రమశిక్షణ ఎక్కువ కాబట్టే పిల్లలు చదువులో ముందుంటున్నారని తేల్చేశారు. నాకది మింగుడుపడలేదు.

అమ్మానాన్నా ఇద్దరూ కలిసి ఉండే ఇళ్లు వలస కుటుంబాల్లో ఎక్కువే, నిజం. ఇంట్లో మనుషులూ ఎక్కువే. కానీ చదువు దగ్గరకొచ్చేసరికి 'వలస కుటుంబం' అనే ఒక్క మాట సరిపోదు. భారత్ నుంచి వెళ్లినవారిలో అత్యధికులు డిగ్రీ, పీజీ చేసినవారు. అక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్-1బి వీసాకే డిగ్రీ కావాలి కదా, వడపోత గుమ్మం దగ్గరే అయిపోయింది! మెక్సికో, గ్వాటెమాలా నుంచి వచ్చినవారిలో హైస్కూలు దాటనివాళ్లు చాలామంది. ఈ రెండు కొసలూ కలిపి సగటు తీస్తే వచ్చే కుటుంబం ఏ వీధిలోనూ ఉండదు. మన పిల్లల మార్కులన్నీ మన సంస్కృతి గొప్పేననుకోవడం, వీసా నిబంధన చేసిన పనికి మనం మీసం మెలేయడమే.

అలెహాంద్రో పోర్టెస్, రూబెన్ రుంబావ్త్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1992లో శాన్‌డియాగో, దక్షిణ ఫ్లోరిడాల్లో 8, 9 తరగతుల్లో ఉన్న ఐదు వేల పైచిలుకు వలస కుటుంబాల పిల్లలతో అధ్యయనం మొదలుపెట్టి, దాదాపు పదేళ్లు గమనించారు. తల్లిదండ్రులు ఏ దేశం నుంచి, ఏ చదువుతో, ఏ హోదాలో వచ్చారన్నదాన్ని బట్టి పిల్లల దారులు చీలిపోయాయి.

పట్టికల్లోకి ఎక్కని పని ఇంకోటుంది. ఇంగ్లీషు రాని తల్లికి డాక్టరు మాట విడమర్చేదీ, ఇంటద్దె కాగితం చదివేదీ, స్కూలు నుంచి తన మీదే వచ్చిన ఫిర్యాదు వినిపించేదీ పదమూడేళ్ల పిల్లే. (ఆ చివరిదాన్ని ఎంత నిజాయితీగా చదువుతుందన్నది వేరే సంగతి.) ఇంగ్లీషు వచ్చిన ఇంటి పిల్లలకు ఈ ఉద్యోగం లేదు.

అసలు గీత ఎక్కడ గీస్తారు? అమెరికాలో సుమారు నలుగురు పిల్లల్లో ఒకరికి తల్లో తండ్రో వేరే దేశంలో పుట్టినవారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది మాత్రం పుట్టింది అక్కడే. మనవాళ్ల ఇళ్లే చూడండి. అన్న ఇక్కడ పుట్టి, హెచ్-1బి వాళ్ల భార్య/భర్త, పిల్లలకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్తాడు, చెల్లెలు అక్కడ పుట్టిన సిటిజన్. వాడికి 21 నిండితే ఆ వీసా చెల్లదు. ఈలోగా గ్రీన్‌కార్డు రాకపోతే స్టూడెంట్ వీసాయో మరొకటో వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. పక్క గదిలోని చెల్లెలికి ఆ టెన్షనే లేదు.

మీ పట్టికలో వీళ్లిద్దరూ ఒకే గడిలో ఉన్నారు. ఈసారి వేసేటప్పుడు తల్లిదండ్రుల దేశం, వాళ్ల చదువు, పిల్లలు ఏ వయసులో వచ్చారన్నది విడివిడిగా చూపించమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు