బరువు తగ్గింపు ప్రకటనలకు కళ్లెం వేయాలి

సంపాదకులకు,

అయ్యా,

నెల్లూరు నగరంలో ట్రంకు రోడ్డు మొదలుకొని మినీ బైపాసు దాకా కరెంటు స్తంభాలకూ, ఆటోల వెనుక భాగానికీ ‘నెలలో పది కిలోలు తగ్గండి’ అనే కాగితాలు ఈమధ్య విపరీతంగా కనిపిస్తున్నాయి. ఒక బానపొట్ట, దాని పక్కన సన్నని నడుము, అడుగున ఒక సెల్ నంబరు తప్ప అమ్మేవారి చిరునామా గాని, లైసెన్సు నంబరు గాని, వారు అమ్మే పొడి డబ్బాలో ఏముందన్న వివరం గాని వాటిలో ఉండవు.

ఫలానా జబ్బులను నయం చేస్తామని మందులకు ప్రచారం చేసుకోరాదని నిషేధించిన 1954 నాటి చట్టం తన జాబితాలో స్థూలకాయాన్ని కూడా చేర్చింది. తాము అమ్మేది మందు కాదు, ఆహారమేనని ఎవరైనా తప్పించుకోజూసినా, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 53వ సెక్షను కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. చట్టాలకు కొదవ లేదు. ఆ నంబరుకు ఒక్కసారి ఫోను చేసి, సరుకు ఎక్కడిదని నిలదీసే అధికారే కరువయ్యాడు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు వారానికి అరకిలో చొప్పున తగ్గడం సురక్షితమనీ, బరువు తగ్గదలచినవారు కూడా రోజుకు వెయ్యి కిలోకాలరీలకు తక్కువ తినరాదనీ చెబుతున్నాయి. ఒంట్లోని కొవ్వు కిలో కరగాలంటే సుమారు 7,700 కిలోకాలరీల లోటు పడాలి కనుక, నెలలో పది కిలోల కొవ్వు పోవాలంటే ఆ లోటు రోజుకు రెండున్నర వేలు దాటాలి. కూర్చుని పనిచేసే మనలో చాలామందికి నెలంతా పస్తున్నా అంత లోటు పడదు. మొదటి వారంలో కాటా గబగబా దిగితే అందులో చాలా భాగం నీరే, ఆపైన కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, మరీ వేగంగా తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు ఉంది. మా వీధిలో ఒకావిడ కొన్ని నెలలపాటు రాత్రి భోజనం మానేసి ఇటువంటి పొడి కలుపుకొని తాగారు. బరువు తగ్గిన మాట నిజమే గాని, దువ్వెనకు జుట్టు కుచ్చులుగా రావడం మొదలైంది. డబ్బా ఆపేశాక సంక్రాంతి అరిసెలు వండేనాటికి పోయిన బరువంతా తిరిగి వచ్చింది.

వరి పండించే జిల్లాలో అన్నం పూర్తిగా మానేయమన్న సలహా పట్టుమని పది రోజులు నిలవదు. ఉదయం ఇడ్లీ, దోసె, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం, వెరసి మూడు పూటలా బియ్యమే. మన చేపల పులుసును తప్పుపట్టనక్కరలేదు, చేపలో మంచి మాంసకృత్తులున్నాయి. మర్నాటికి ఇంకా రుచి తేలిన ఆ పులుసు కోసం మారు వడ్డించుకునే అన్నంతోనే చిక్కు. పోషకాహార సంస్థ ఒక మనిషికి రోజుకు రెండు వేల కిలోకాలరీల పళ్లేనికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు అని లెక్క కట్టింది. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్ల నూనె సరిపోవాలి. మన వంటింటి డబ్బాల వంక చూస్తే తేడా తెలిసిపోతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో వందకు 36 మంది అధిక బరువుతో ఉన్నారు. ఇంతమందిని గోడమీది కాగితాలకు వదిలేయడం న్యాయం కాదు. ముప్పై ఏళ్లు దాటినవారి నడుము కొలత తీసుకొని, బీపీ, షుగరు చూసే పని ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇప్పటికే చేస్తున్నారు. షుగరు తేలినవారికి మాత్రలిస్తారు గాని, షుగరు లేకుండా నడుము మాత్రమే పెరిగినవారికి ‘బరువు తగ్గించుకోండి’ అన్న ఒక్క మాటే దక్కుతోంది, ఆ మాట విన్నవారే మర్నాడు స్తంభం మీది నంబరుకు ఫోను చేస్తున్నారు. నడుము మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటినవారిని నెలకొకసారి పట్టణ ఆరోగ్య కేంద్రానికి పిలిచి, బరువు రాసి, ఏం తింటున్నారో, ఎంత నడుస్తున్నారో అడిగి తెలుసుకుంటే పెద్దగా ఖర్చయ్యే పని కాదు. వైద్యుడి చీటీ మీదే అమ్మవలసిన బరువు తగ్గించే ఇంజక్షన్లు కూడా మందుల షాపుల్లోకి వచ్చేసిన ఈ రోజుల్లో ఇటువంటి పర్యవేక్షణ అవసరం మరింత పెరిగింది.

కాబట్టి నగరపాలక సంస్థ ఈ కాగితాలను తొలగించాలనీ, ఔషధ నియంత్రణ, ఆహార భద్రత విభాగాలు వాటి మీది నంబర్ల ఆధారంగా విచారణ జరిపి కేసులు నమోదు చేయాలనీ, నెలవారీ పరిశీలనను ముందుగా నగరంలోని ఒకటి రెండు ఆరోగ్య కేంద్రాలలోనైనా మొదలుపెట్టేలా జిల్లా కలెక్టరు ఆదేశించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
నెల్లూరు