క్షయ రోగి బరువు ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

మా వీధి చివర ఉండే పలకల క్వారీ కూలీ ఒకతను సంక్రాంతికి ముందు క్షయతో చనిపోయాడు. వయసు 41. తెమడ పరీక్షలో జబ్బు తేలి మందు మొదలుపెట్టిన 37వ రోజున ప్రాణం పోయింది. మందు మానినందువల్ల పోలేదు. రోజూ పొద్దున్నే వెళ్లి నా కళ్లెదుట బిళ్లలు మింగించేదాన్ని. ఎ.ఎన్.ఎం.గా 29 ఏళ్లు పనిచేసి 2019లో పదవీ విరమణ చేశాను, ఆ అలవాటు మాత్రం పోలేదు.

అతను పోయాక చికిత్స కార్డు తీసి చూశాను. ఎత్తు 162 సెంటీమీటర్లు, మొదటి రోజు బరువు 36 కిలోలు. నెల తర్వాతి బరువు రాయాల్సిన గడి ఖాళీ. ఆ మొదటి తూకమైనా ఎందుకంటే, 35 నుంచి 49 కిలోల వారికి రోజుకు మూడు బిళ్లలు, అంతకు తగ్గితే రెండు. బిళ్లల లెక్క తేలగానే తూకం యంత్రం పని అయిపోయింది. ఆ ఎత్తుకు ఆ బరువంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 14 కూడా లేదు. తమిళనాడులో 2022 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బు తేలగానే పెద్దవాళ్లయిన రోగులను ఈ లెక్కన చూస్తున్నారు. బీఎంఐ 14 దాటకపోయినా, నిమిషానికి 24 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, ఆసరా లేకుండా నిలబడలేకపోయినా ప్రమాదంలో ఉన్నట్టే లెక్కకట్టి ఆసుపత్రిలో చేర్చే ఏర్పాటు చేస్తున్నారు. దీనికి కావలసినవి తూకం యంత్రం, ఎత్తు కొలిచే టేపు, వేలికి తగిలించే ఆక్సిమీటరు. మా వీధి మనిషిని మూడు బిళ్లలు చేతిలో పెట్టి ఇంటికి పంపారు.

‘మంచి ఆహారం తినాలి’ అని చెప్పారట. ఆ మాట నేనూ నా ఉద్యోగమంతా వందల మందికి చెప్పాను. ఆ ఇంటికి రోజూ వెళ్లాకే దాని అర్థం నాకు తెలిసింది. ఒకరోజు ఉడికించిన గుడ్డు తీసుకెళ్లి ఇచ్చాను. అతని భార్య పెంకు తీసి, నూలు దారంతో దాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఇద్దరు పిల్లలు, అత్తగారు, అతను. తనకు లేదు. ఆమెను ఏమని తప్పుపడతాం? పిల్లలు చూస్తుండగా ఏ తండ్రి గొంతు దిగుతుంది? పైగా మందు వేడి చేస్తుందని ఎవరో చెబితే రెండు వారాలు పప్పు కూడా మానిపించి పలుచటి జావతో పథ్యం పెట్టారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

కేంద్రం పోషణకు ఇచ్చే సొమ్ము 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1000 అయింది. పెంచినందుకు సంతోషం. కానీ అతని ఖాతాకు ఆధార్ ముడిపడలేదని ఆగిన డబ్బు, కర్మకాండలు అయ్యాక పడింది. క్షయలో మొదటి రెండు నెలలు ఎంత కీలకమో ఝార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో జరిగిన ‘రేషన్స్’ అధ్యయనం చూపించింది. దాని ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చాయి. అక్కడ 2,800 మంది రోగులకు బియ్యం, పప్పు, పాలపొడి, నూనె కలిపి నెలకు 10 కిలోల సరుకు ఇచ్చారు. రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన వారిలో చావు ముప్పు 60 శాతం దాకా తక్కువగా కనిపించింది. 36 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలైనా కాదు. ఇంట్లో వాళ్లకు కూడా తలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చిన కుటుంబాల్లో కొత్తగా క్షయ సోకడం, ఇవ్వని కుటుంబాలతో పోలిస్తే 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల నుంచి ఇతరులకు అంటుకునే రకమైతే 48 శాతం. ఆ గుడ్డు ఎందుకు నాలుగు ముక్కలైందో తెలిసిన వాళ్లే ఈ అధ్యయనం చేశారని చదివినప్పుడు అనిపించింది.

అందుకే రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. మొదటి రెండు నెలలు డబ్బు కోసం ఎదురుచూడనీయకుండా బిళ్లలతో పాటే సరుకు చేతికివ్వండి, ఇంటిల్లిపాదికీ సరిపడా ఇవ్వండి. ప్రతి నెలా బరువు తూచండి, పెరగకపోతే ఎందుకు పెరగలేదో ఆ ఇంటికి వెళ్లి అడగండి. మరీ చిక్కిపోయిన వారిని మాత్రం ఇంటికి పంపవద్దు. ఎండిన కడుపుకు ఒక్కసారిగా దండిగా పెట్టినా ప్రమాదమే, వైద్యుల కనుసన్నల్లో మెల్లగా పెంచాలి. మా ప్రాంతంలో రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్న కూలీలు ఎందరో ఉన్నారు. వాళ్లకు క్షయ సోకే ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ.

అతని భార్య ఇప్పుడు అదే క్వారీకి పనికి వెళుతోంది. ఇన్నాళ్లూ ఆమెను ఎవరూ తూకం యంత్రం ఎక్కించలేదు. పోయిన వారం నేనే తీసుకెళ్లి తూయించాను. 38 కిలోలు. దగ్గు లేదంటోంది.

– విశ్రాంత ఎ.ఎన్.ఎం., మార్కాపురం