గరిష్ఠ ఉష్ణోగ్రత పక్కన తేమ శాతం కూడా వేయండి

సంపాదకులకు,

వేసవిలో మీ జిల్లా పేజీలో రోజూ గరిష్ఠ ఉష్ణోగ్రత వేస్తున్నారు. దాని పక్కనే గాలిలో తేమ శాతం కూడా వేయాలని కోరుతున్నాం. వాతావరణ శాఖ ఉదయం 8.30కి, సాయంత్రం 5.30కి తేమను నమోదు చేస్తుంది. ఆ రెండు అంకెలు వేసినా చాలు. గోదావరి డెల్టాలో పిల్లల్ని బయటికి ఎప్పుడు తీసుకెళ్లాలో ఎండ కన్నా ఉక్కే ఎక్కువ తేలుస్తుంది.

రెంటచింతలలో 44 అని చదివి, మన కోనసీమలో 35 ఏగా అని ధీమా పడేవాళ్లు చాలామంది. 35 డిగ్రీలకు 70 శాతం తేమ తోడైతే ఒంటికి అది దాదాపు 50 డిగ్రీల వేడి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ధారగా కారిపోతే నీరూ ఉప్పూ పోవడమే తప్ప చల్లదనం రాదు. ఆటలో పడ్డ పిల్లలకు దాహం కూడా గుర్తుండదు.

మన దగ్గర వేసవి రోజులు రెండు రకాలు. పడమటి గాలి కొట్టి, మధ్యాహ్నమైనా సముద్రపు గాలి తిరగని రోజున కాకినాడలో సైతం 43, 44 దాకా పోతుంది. అది పొడిగాలి. మెడ మీద తడి తువ్వాలు బాగా పనిచేస్తుంది గానీ, పొద్దున తొమ్మిది దాటాక పిల్లలకు బయట పని లేదు. ఉక్క రోజున తడిగుడ్డ వల్ల ఒరిగేది తక్కువ, నీడా గాలీ రెండూ ఉన్న చోటు వెతుక్కోవాలి. ఏ రోజు ఏదో పెరట్లో కొబ్బరి మట్టలు చూస్తే తెలుస్తుంది. మధ్యాహ్నానికి అవి ఉత్తరం వైపు వాలి ఊగుతుంటే పైరగాలి, అంటే సముద్రపు గాలి, వచ్చినట్టే. ఆ సాయంత్రం బీచ్‌కి బయల్దేరవచ్చు.

కోరంగి మడ అడవిలో చెక్కబాట మీద నీడ ఉంటుంది, గాలి ఆడదు. అందుకే అక్కడికి పెందలాడే వెళ్లడం మేలు. కడియం నర్సరీల్లోనూ అంతే, మొక్కలకు నీళ్లు కొట్టాక షేడ్ నెట్ కింద ఉక్క మరీ పెరుగుతుంది. అంతర్వేది, పేరుపాలెం, ఉప్పాడ తీరాలకు సాయంత్రం 4.30 తర్వాతే. అంతకుముందు ఇసుక పిల్లల పాదాలను కాలుస్తుంది. పార్కులో ఇనప జారుడుబల్ల మీద మీ అరచేతి వెనక భాగం ఆనించండి. అయిదు సెకన్లు ఉంచలేకపోతే పిల్లల్ని ఎక్కించవద్దు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక అక్కడక్కడా నిలిచే మడుగుల్లోకి ఈతకని మాత్రం దింపకండి, అడుగున బురద ఎంత లోతుందో పైకి తెలియదు.

నీళ్ల లెక్క చెబుతాం. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఆడుతున్నంతసేపూ ప్రతి 20 నిమిషాలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు తాగాలి. మూడు గంటల షికారుకు ఒక్కొక్కరికి లీటరున్నర పట్టుకెళ్లాలి. అడిగినప్పుడు ఇద్దామనుకుంటే ఆలస్యమైనట్టే, పిలిచి తాగించాలి. కొబ్బరి నీళ్లు మంచివే, కాకపోతే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయే ఉప్పు వాటితోనే భర్తీ కాదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఈ పనికి మెరుగు. ఓఆర్‌ఎస్ పొట్లం 20.5 గ్రాములది తెస్తే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కొంచెం వేసి ఇవ్వడం చాలా ఇళ్లలో చూస్తాం. అలా చిక్కగా కలిపితే విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉంది. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచా తలకొట్టి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పళ్లరసాలు దీనికి బదులు కావు. ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టవద్దు, తల్లిపాలే ఎక్కువసార్లు ఇవ్వాలి.

తిండికి పులిహోరే శ్రేష్ఠం, చింతపండు పులుపుకి మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. కొబ్బరి పచ్చడి అంతసేపు ఆగదు. ముంజలు మూడేళ్ల లోపు వాళ్లకు పొట్టు తీసి, చిన్న ముక్కలు చేసి పెట్టాలి.

బట్టలు వదులు నూలువి. ఆటల జెర్సీల్లో నైలాన్‌వి చెమటకాయలు తెప్పిస్తాయి. వాటి మీద పౌడరు మెత్తితే చెమటతో ముద్దకట్టి రంధ్రాలు ఇంకా మూసుకుంటాయి. చన్నీళ్ల స్నానం చేయించి, తుడిచి, ఫ్యాను కింద ఉంచడమే మందు. బండి మీద నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, బెల్టు, 40 కిలోమీటర్ల లోపు వేగం నిబంధన. పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టడం ఎటు చూసినా తప్పే. అరటిపళ్లు కొని వచ్చేస్తాలే అని మూసిన కారులో పిల్లల్ని వదలకండి. పది నిమిషాల్లో లోపల పది డిగ్రీలు పెరుగుతుంది.

బెంగళూరు, హైదరాబాదుల నుంచి తాతయ్యగారింటికి వచ్చే పిల్లలది వేరే సంగతి. ఏసీలకు అలవాటైన ఒళ్లు ఇక్కడి ఉక్కకు అలవాటు పడాలంటే పది, పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి రెండు రోజులు అరగంటే బయట, తర్వాత మెల్లగా పెంచండి. దిగిన మర్నాడే లంకల్లోకి, తోటల్లోకి తిప్పేస్తే మూడోరోజు వాంతులు పట్టుకోవచ్చు.

తలనొప్పి, నీరసం, వాంతి మొదలైతే నీడన పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచి గుక్కెడు గుక్కెడు తాగించాలి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి. మాట తడబడినా, పిలిస్తే సరిగా పలకకపోయినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బే. ‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే’ అనుకోవద్దు, ఆడి ఆడి పడిపోయిన పిల్లలకు చెమట ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా తల నుంచి కాళ్ల దాకా నీళ్లు పోస్తూ విసరండి. చంకల్లో, గజ్జల్లో మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయవద్దు. పారాసెటమాల్ ఈ వేడిని దించదు.

అధికారులకు ఒక మాట. వేసవిలో పిల్లల పార్కులు ఉదయం 5.30కే తెరిచి, మధ్యాహ్నం మూసి, రాత్రి ఎనిమిది దాకా ఉంచాలి. సఖినేటిపల్లి, నర్సాపురం రేవుల్లాంటి చోట్ల గోదావరి దాటించే పంటు కోసం నిలబడేవాళ్లకు రేకుల షెడ్డు కన్నా తాటాకు పందిరి చల్లన. ఒక చలివేంద్రం, దాని పక్కన చేతులు, మొహం కడుక్కోవడానికి ఒక కుళాయి పెడితే పిల్లలతో వచ్చేవాళ్లకు సరిపోతుంది.

— కొందరు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, అమలాపురం